‘పాలికీట్’లో కీటం లేదు

కావలి నుంచి:
హేచరీల్లో తల్లి రొయ్యలకు మేపే పాలికీట్లు అనే సముద్రపు పురుగుల గురించి తెలుగులో కరదీపిక తయారవుతోంది. ముసాయిదాలో ఒకచోట ‘బహుకీటకాలు’, ఇంకోచోట ‘సముద్రపు గొంగళ్లు’ అని పడింది. ఏది ఉంచమంటారు?

నెల్లూరు నుంచి:
రెండూ తీసెయ్యండన్నా. ‘పాలికీటా’లోని కీటాకు మన కీటంతో చుట్టరికమే లేదు. గ్రీకులో ‘పాలీ’ అంటే పెక్కు, ‘ఖైటే’ అంటే పొడుగు జుట్టు. 1850లో జర్మన్ జంతుశాస్త్రవేత్త గ్రూబే పెట్టిన పేరది. కీటకానికి ఆరు కాళ్లు, వాటికి కీళ్లు. దీనికి కీళ్లు లేని కండ పాదాలు, ఒంటిలోని దాదాపు ప్రతి ఖండానికీ ఒక జత, వాటి కొసన శూకాల (ముళ్లలాంటి వెంట్రుకల) కుచ్చులు. పెక్కు శూకాలు గనక ‘బహుశూకి’ అంటే సరిపోతుంది.

ఒంగోలు నుంచి:
శూకమంటే ధాన్యపు కొనముల్లు గదా? రోమం అంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుందేమో.

నెల్లూరు నుంచి:
ముల్లు గనకే బాగుందండీ. రోమం కెరటిన్ అనే పదార్థం, ఇది రొయ్య పెంకులో ఉండే కైటిన్. ఆయుర్వేదంలో ముల్లున్న గింజలను శూకధాన్యం అంటారు. వరికంకి ముల్లు గీరుకున్న చేతికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. బహుశూకుల్లో ఆంఫినోమిడే అనే కుటుంబంలో శూకాలకు సున్నం పట్టి పెళుసుగా ఉంటాయి. తాకితే విరిగి చర్మంలో దిగి మండుతాయి. వాటిని రోమాలంటే చదివినవాడు ఉత్త చేత్తో పట్టుకుంటాడు. ఒక్క జాగ్రత్త: సంస్కృతంలో ‘శూకకీటం’ గొంగళిపురుగు. బహుశూకి పక్కన కీటాన్ని మళ్లీ చేరనివ్వకండి.

కొత్తపట్నం నుంచి:
మాట కుదిరింది. గుర్తింపు అధ్యాయంలో ‘మత్తు’, ‘నిల్వ’ అని రెండు పనులను ఒకే క్రియతో రాశారు, అది విడదీయాలి. ముందు మత్తు. లీటరు మంచినీటిలో 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాలు కరిగించి, అంతే సముద్రపు నీరు కలిపి పురుగును అందులో వదలాలి. గిల్లినా కదలనప్పుడే తియ్యాలి. డీఎన్ఏ కావాలంటే అప్పుడే తోకముక్క కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యాలి, ఫార్మలిన్ (కుళ్లకుండా నిల్వ ఉంచే ద్రవం) తగిలాక అది పనికిరాదు. ఆ తర్వాత నిల్వ: మిగతాదానికి 1 వంతు ఫార్మలిన్, 9 వంతులు సముద్రపు నీరు. రెండు రోజులయ్యాక మంచినీటితో కడిగి 70 శాతం ఆల్కహాల్‌కు మార్చాలి.

మత్తు లేకుండా నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే చుట్టుకుపోయి తెగుతుంది, నోట్లోంచి బయటికి రావాల్సిన గొంతుభాగం, అంటే గ్రసని, లోపలే ఉండిపోతుంది. నీరిడిడే కుటుంబంలో ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) పోల్చుకునేది ఆ గ్రసని మీదే: దాన్ని ఎనిమిది భాగాలుగా లెక్కిస్తారు, నోటి వైపు వలయంలోని ఆరో భాగంలో నీరిస్ ప్రజాతికి శంకువుల్లాంటి చిన్న పళ్లు, పెరినీరిస్‌కు అడ్డపట్టీలు. బయటికి రాకపోతే కింది వైపు నుంచి బ్లేడుతో చీల్చి చూడాలి. ఇతర ప్రజాతుల్లో మార్ఫైసాకు తలమీద ఐదు తంతువులు, పాదాలపై ఎర్రటి మొప్పలు. గ్లైసెరాకు కోసుగా, వలయాలు వలయాలుగా ఉండే తల, నాలుగు దవడలు.

కావలి నుంచి:
‘బహుశూకుల తరగతి’ అని శీర్షిక పెట్టొచ్చా?

నెల్లూరు నుంచి:
‘తరగతి’ (వర్గీకరణలో ‘క్లాస్’ అనే స్థాయి) వద్దు. వానపాము, జలగ కూడా ఈ వంశవృక్షపు కొమ్మల్లోంచే వచ్చాయని జన్యు పరిశోధనలు తేల్చాయి. వాటిని బయటపెట్టి గీసిన గీత ఇప్పుడు నిలవదు. ‘బహుశూకులు’ అని గుంపు పేరుగానే ఉంచి, పక్కన కుండలీకరణాల్లో పాలికీట్లు అని వెయ్యండి. హేచరీ కుర్రాళ్లకు తెలిసిన మాట అదే.