డైవింగ్‌లో మోలా మోలా (సన్‌ఫిష్ అనే పెద్ద సముద్రపు చేప) కనిపించింది, పది సెకన్లలో మాయం. నా తప్పేనా?

కాలిఫోర్నియాలో కటలీనా దీవి వెనకవైపు ఫార్న్స్‌వర్త్ బ్యాంక్ తెలుసు కదా, అడుగు నుంచి లేచిన రాతి గుట్ట, దాని కొనే దాదాపు 60 అడుగుల లోతులో ఉంటుంది. పోయిన వారం అక్కడ ఊదారంగు హైడ్రోకోరల్ (పగడం లాంటి జీవి) ఫొటోలు తీస్తుంటే పక్కనే ఏదో నీడలా అనిపించి తిరిగి చూస్తే సన్‌ఫిష్, నా ఎత్తు ఉంది, కదలకుండా నిలబడి ఉంది. కంగారులో కెమెరా పట్టుకుని ఫిన్స్ (కాళ్లకి తొడుక్కునే ఈత రెక్కలు) గట్టిగా కొట్టుకుంటూ దాని మీదకి పోయా, అంతే, అటు తిరిగి వెళ్లిపోయింది. ఫొటోలో బుడగలు తప్ప ఏం లేవు 😭 మళ్లీ కనిపిస్తే ఏం చేయాలి?

తిరగలి_రాయి: తప్పు నీదే బాబూ 😄 అది ఊరికే నిలబడదు. దాని ఒంటి నిండా పరాన్నజీవులు, అక్కడ సెన్యోరీటా, హాఫ్‌మూన్ లాంటి చిన్న చేపలు వాటిని ఏరి తింటాయి, నువ్వెళ్లి సగం క్షవరంలో మంగలిని తరిమేశావ్. ఈసారి రాతి దగ్గర కిందుగా ఉండు, ఎదురుగా పోకు, ఊపిరి మెల్లగా వదులు, దానికి ఇష్టమైతే అదే దగ్గరికొస్తుంది. ముఖ్యంగా వెంటపడి లోతుకి దిగొద్దు, అక్కడ గోడ వంద అడుగులు దాటి పోతుంది, నీకు టైమ్ తెలియదు.

వైజాగ్_బుడగ: నేను రుషికొండలో డైవ్ చేసినోణ్ని, ఇది ఫొటోల్లో చూడటమే. తోక లేదు కదా, ఎలా ఈదుతుందండీ?

తిరగలి_రాయి: పైనా కిందా ఉన్న రెండు పెద్ద రెక్కల్ని ఒకేసారి ఒకే వైపుకి ఊపుతుంది. తోక ఉండాల్సిన చోట ముడతల అంచులాంటిది ఉంటుంది, దాంతో మలుపు తిరుగుతుంది. చూడ్డానికి బద్ధకంగా ఉంటుంది గానీ లోతుకి దిగి జెల్లీ జాతి జీవుల్ని తిని చల్లబడి పైకొచ్చి ఎండకి పక్కకి వాలి పడుకుంటుంది. లాటిన్‌లో మోలా అంటే తిరగలి రాయి, నా పేరు అక్కడిదే.

చలి_సూట్: ఒడ్డు నుంచి వచ్చేటప్పుడు బోటు మీద నుంచే నీళ్ల పైన చూస్తుండండి, రెక్క ఒకటి అటూ ఇటూ వాలుతూ కనిపిస్తే షార్క్ అని అరవకండి, మా బోట్లో ప్రతిసారీ ఒకరు అరుస్తారు. సీగల్స్ కూడా దాని మీద పురుగులు పొడుస్తుంటాయి.

అడిగినోణ్ని: ఇప్పుడు ఆ ఫొటో జూమ్ చేశా. మూలలో బుడగల వెనక నాలుగు చిన్న చేపలు నావైపే చూస్తున్నాయి 🙈