చిన్నపిల్లల బొంత: ఎంబ్రాయిడరీ ముందా, క్విల్టింగ్ ముందా?

కండె_బాబిన్ (విజయవాడ)
ఇంట్లో రెండు మిషన్లుంటే (ఒకటి ఎంబ్రాయిడరీకి, ఒకటి కుట్టుకి) ఒక్కరోజులో బొంత తేల్చే పద్ధతి చెబుతున్నా. సైజు 36 x 48 అంగుళాలు. 12 అంగుళాల బ్లాకులు పన్నెండు: ఆరు మంగళగిరి కాటన్, ఆరు పెడన కలంకారీ. గుడ్డ తడపడం, ఆరేయడం, ఇస్త్రీ ముందురోజే అయిపోవాలి. పొద్దున్నే బ్లాకులు పావంగుళం కుట్టుబడితో జోడించి, అడుగు గుడ్డ, 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి 100 గ్రాములు) పాలిస్టర్ వాడింగ్ (మధ్యన పరిచే దూదిలాంటి పొర), పైగుడ్డ పరిచి నాలుగంగుళాలకో పిన్నీసు పెట్టాలి. వాకింగ్ ఫుట్ (పొరలన్నిటినీ కలిపి జరిపే పాదం) వేసి జాయింట్ల వెంట 3 మి.మీ. కుట్టు. ఆ తర్వాత ఎంబ్రాయిడరీ, మూడు పొరలూ కలిపి. డిజైనే క్విల్టింగ్ (పొరలు కలిపే కుట్టు) కూడా అయిపోతుంది. అది నడుస్తుండగా రెండో మిషన్ మీద ఇంకో బొంత జోడింపు. సాయంత్రానికి ఒకటి పూర్తి, రెండోది సగం. ఎంబ్రాయిడరీ ముందు చేసేవాళ్ళు ఒకరోజు పనిని రెండు రోజులకు లాగుతున్నారు. కాదంటే చెప్పండి. ఫోటోలు పెడుతున్నా.

మంగళగిరి_అంచు
నేనంటాను కాదని. ఎంబ్రాయిడరీయే ముందు. బ్లాకు 14 అంగుళాలకు కత్తిరించుకోండి. 44 అంగుళాల పన్నాలో అడ్డంగా మూడొస్తాయి, ఆరింటికి 80 సెం.మీ. చాలు. డిజైన్ పడ్డాక గుడ్డ ఎలాగూ కాస్త లోపలికి గుంజుకుంటుంది కాబట్టి డిజైన్ మధ్య గుర్తు నుంచి నాలుగువైపులా ఆరుంపావు అంగుళాలు కొలిచి 12½కి కోయాలి. ముందే 12½కి కోసినవాళ్ళకి మూలలు కలవవు. తర్వాతే జోడింపు, క్విల్టింగ్. ముళ్ళు, దారం కొసలు, మిగిలిన టేరవే పేపరు (ఎంబ్రాయిడరీకి గుడ్డ కింద ఆసరాగా పెట్టి తర్వాత చింపేసేది) అన్నీ వాడింగ్‌కీ పైగుడ్డకీ మధ్య దాగిపోతాయి, పిల్లాడి ఒంటికి తగిలేది మెత్తటి అడుగు గుడ్డ ఒక్కటే. మీ ఫోటో రెండోది పెద్దది చేసి చూడండి. గులాబీ అడుగు గుడ్డ మీద తెల్ల బాబిన్ దారం (మిషన్ అడుగు కండె దారం) గీతలు కనిపిస్తున్నాయి.

వన్‌టౌన్_కుట్టు
సూది నంబరు ఎవరూ చెప్పట్లేదేంటండీ?

కండె_బాబిన్ (విజయవాడ)
ఒంటి పొర కాటన్‌కి 75/11, మూడు పొరలకి 90/14. జరీ దారమైతే పెద్ద కన్ను ఉన్న 90/14 పెట్టి, స్పీడు నిమిషానికి 400 కుట్లకి దించి, పై టెన్షన్ (దారం బిగువు) వదులు చెయ్యండి.
అంచుగారూ, తెల్లదారం కనబడితే గులాబీ బాబిన్ పెట్టుకుంటే సరిపోతుంది. దానికింత గొడవెందుకు?

మంగళగిరి_అంచు
సరిపోదండీ. ఎంబ్రాయిడరీలో పై దారం కాస్త వదులుగా ఉండి అడుగుకి లాగబడాలి. తిప్పి చూస్తే మధ్యలో మూడోవంతు బాబిన్ దారం, చెరో పక్క మూడోవంతు పై దారం ఉండాలి. అలా ఉన్నప్పుడే పైన బాబిన్ చుక్కలు కనబడవు. రెండువైపులా అందంగా రావాలంటే పైన ఏ రంగో బాబిన్‌లోనూ అదే రంగుండాలి. నాలుగు రంగులు, ఆరు డిజైన్లు: ఇరవైనాలుగు బాబిన్ మార్పులు. మీ ఒక్కరోజు లెక్కలో ఇవెక్కడ?

సూదిమొన
అంచుగారు బాబిన్ వదిలిపెట్టరు 😄

కండె_బాబిన్ (విజయవాడ)
నాలుగు రంగుల నిండు డిజైన్ బొంత మీద వెయ్యమని ఎవరన్నారు? నేను వేసేది ఒకే రంగు గీతల డిజైన్. బాబిన్ మార్పు ఒక్కసారే. మీ పద్ధతిలో లోపం నేను చెబుతా. 8 అంగుళాల నిండు డిజైన్ ముందే వేస్తారు, దాని మీద మళ్ళీ క్విల్టింగ్ కుట్టు వెయ్యలేరు. అంటే ప్రతి బ్లాకు మధ్యలో 8 అంగుళాల మేర మూడు పొరలకీ పట్టే లేదు. పది ఉతుకులకి వాడింగ్ అక్కడ ముద్ద కడుతుంది. గుంటూరు దూది ఏకి పరిచినదైతే మరీ అన్యాయం, దానికి రెండుమూడు అంగుళాలకో కుట్టు పడాల్సిందే.

మంగళగిరి_అంచు
డిజైన్ చుట్టూ పావంగుళం వదిలి గీత వెయ్యొచ్చు. రేకుల మధ్య ఖాళీల్లో మిషన్ పళ్ళు దించి, గుడ్డని చేత్తో ఎటైనా జరపనిచ్చే ఫ్రీ మోషన్ ఫుట్‌తో కుట్టొచ్చు. నిండు డిజైన్‌కి కుట్ల ఎడం మామూలుగా 0.4 మి.మీ. ఉంటుంది, 0.55కి పెంచితే అట్టలా బిగుసుకోదు. 14,000 కుట్లు, 600 స్పీడు, రంగు మార్పులూ ఫ్రేమ్ బిగింపూ కలిపి డిజైన్‌కి 35 నిమిషాలు. ఆరింటికి మూడున్నర గంటలు. ఇది కూడా ఒకరోజు పనే, మీరన్నట్టు రెండు రోజులేం కాదు.
మూడు పొరల్ని ఫ్రేమ్‌లో ఎలా బిగిస్తున్నారో చెప్పలేదు మీరు.

కండె_బాబిన్ (విజయవాడ)
బిగించను. జిగురున్న టేరవే పేపరు మాత్రమే ఫ్రేమ్‌లో బిగించి, దాని మీద బొంత అంటించి, చుట్టూ పెద్ద కుట్ల పెట్టె వేయిస్తా. స్క్రూ ఫ్రేమ్‌లో మూడు పొరలు ఇరికిస్తే నొక్కుడు మచ్చ పడుతుంది, సగం డిజైన్‌లో జారిపోతుంది. బొంత బరువు వేలాడకుండా మిషన్‌కి రెండుపక్కలా బల్ల ఉండాలి. బరువు ఫ్రేమ్‌ని లాగితే చివరి గీత రెండు మి.మీ. పక్కకి పడుతుంది.

గుంటూరు_మిరప
కలంకారీ ఎర్ర రంగు మంగళగిరి తెలుపుకి అంటుకోదా? ఉప్పు నీళ్ళలో నానబెడితే ఆగుతుందంటారు.

మంగళగిరి_అంచు
ఆగదు. రియాక్టివ్ రంగు (నూలుకి పట్టే రసాయన రంగు) అద్దేటప్పుడు ఉప్పు పని చేస్తుంది, అద్దేశాక కాదు. విడిగా రెండుమూడుసార్లు ఉతికి, తడి తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చెయ్యండి. తెల్లగుడ్డకి రంగు అంటితే ఆ ముక్క పక్కన పెట్టెయ్యండి, తెల్ల బొంతకి పనికిరాదు.

వన్‌టౌన్_కుట్టు
కరెంటు పోతే? చెప్పేవాళ్ళందరూ ఇన్వర్టర్ ఉన్నవాళ్ళే అనుకుంటా.

కండె_బాబిన్ (విజయవాడ)
సైన్‌వేవ్ ఇన్వర్టర్ పెట్టుకోండి. కొన్ని మిషన్లు ఆగిన కుట్టు గుర్తుంచుకుంటాయి. మీదానికి ఆ సౌకర్యం లేకపోతే స్క్రీన్ మీది కుట్టు సంఖ్య అప్పుడప్పుడు రాసుకోండి, ఫ్రేమ్ మాత్రం కదపొద్దు.

మంగళగిరి_అంచు
కండెగారూ, మీ మూడో ఫోటో ఇప్పుడు చూశా. బొంత మూలన చీటీ: "డ్రై క్లీన్ మాత్రమే". పసిపిల్లల బొంతకి డ్రై క్లీనా! రోజుకి రెండుసార్లు తడిపేదాన్ని ఏ లాండ్రీకి పంపుతారండీ తల్లి? మీ కుట్టు మీద మీకే నమ్మకం లేక పెట్టిన చీటీ అది. పేపరు తడిస్తే ఊడొస్తుందని మీకు తెలుసు.

కండె_బాబిన్ (విజయవాడ)
నమ్మకం లేక కాదు. కలంకారీ రంగు మీద ఫిర్యాదొస్తే డబ్బు వెనక్కిచ్చేది నేను. బారసాలకి మూడురోజుల ముందు వచ్చి, పేరు వెయ్యాలి, ఏనుగు కావాలి, ఎల్లుండి కల్లా కావాలంటారు. ఒక షాపువాళ్ళయితే సరుకు తీసుకుని, రెండు నెలలు తిప్పించుకుని, ఒక పోగు లేచిందని సగం డబ్బు కోసేశారు. మీరు బొంతకో వారం తీసుకున్నా ఇల్లు గడుస్తుంది. నాకు రోజుకొకటి బయటికి వెళ్ళకపోతే దారం, సూదుల ఖర్చు రాదు.

మంగళగిరి_అంచు
అలాగని రేటు అంత కిందకి దించితే మిగతావాళ్ళేమైపోవాలి? మీ ఫోటో చూపించి "విజయవాడలో ఇంతకే ఇస్తున్నారు" అని నాతో బేరమాడుతున్నారు. ఒక రోజులో ఎన్ని తేలతాయనే మాట్లాడుతున్నారు కానీ ఆ రోజుకి మీ కూలి లెక్కేసుకోలేదు మీరు.

సూదిమొన
ఇందాకటి నుంచి బాబిన్ రంగు మీద కొట్టుకున్నదంతా దీని గురించా!

కండె_బాబిన్ (విజయవాడ)
కూలి వేస్తే ఎవరూ కొనరు, వేసి చూశాను. అది వేరే చర్చలెండి.

మంగళగిరి_అంచు
వేరేది కాదు, అదే ఇది. కానీ ఆ చీటీ తీసేసి "చల్లనీళ్ళలో విడిగా, చేత్తో ఉతకండి" అని కుట్టండి. కలంకారీ మీరే మూడుసార్లు ఉతికి వాడండి. పేరున్న రెండు బ్లాకులు ముందు ఎంబ్రాయిడరీ చేసుకుని, మిగతావి మీ గీతల పద్ధతిలోనే లాగించండి. గంటంబావు ఎక్కువ పడుతుంది. ఆ గంటంబావు రేటులో వేసుకోండి.

కండె_బాబిన్ (విజయవాడ)
రెండు బ్లాకులంటే సరే. కొనేవాళ్ళు బేరమాడి ఒక బ్లాకు తగ్గించినా ఇంకోటి ఉంటుంది. రేటు సంగతి హామీ ఇవ్వను.

గుంటూరు_మిరప
జిగురు లేని టేరవే పేపరు మంచిదో కాదో పట్నం బజార్లో ఎలా చూసి కొనాలి?

మంగళగిరి_అంచు
చిన్న ముక్క అడిగి నిలువునా, అడ్డంగా చింపి చూడండి. రెండువైపులా ఒకే తీరున చిరగాలి. ఒకవైపు సాగి పీచు లేస్తే, చింపేటప్పుడు మీ కుట్లనీ లాగేస్తుంది.