జనవరిలో అమ్మను అట్లాంటిక్ దాటించాలా, ఏప్రిల్ దాకా ఆపాలా?

పెద్దకొడుకు_డాలస్:
మా అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. జనవరి మూడో వారంలో హైదరాబాద్ నుంచి లండన్, అక్కడి నుంచి డాలస్. టికెట్ కొన్నాక ఆఫీసులో ఒకాయన "చలికాలంలో అట్లాంటిక్ మీద విమానం ఊగిపోతుంది, పెద్దావిడను ఎందుకు కష్టపెడతావు" అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. కొంత డబ్బు పోయినా ఏప్రిల్‌కి మార్చెయ్యాలా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.

కోడలుపిల్ల:
మార్చెయ్యండి. నిరుడు ఫిబ్రవరిలో మా అత్తయ్య వచ్చారు. లండన్‌లో బయల్దేరిన మూడు గంటలకి, గ్రీన్‌లాండ్ కొన దగ్గర అనుకుంటా, ముప్పావుగంట పైనే కుదిపిందట. ఆవిడ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం రెండుసార్లు పూర్తి చేశారు. ఇంగ్లండ్‌లో రెడింగ్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో లెక్క కట్టారు కూడా. ఉత్తర అట్లాంటిక్ మీద తీవ్రమైన కుదుపులు 1979తో పోలిస్తే 2020కి 55 శాతం పెరిగాయి. తెలిసి తెలిసి ఎందుకు పంపడం?

విండ్‌షియర్:
ఆ 55 శాతం వెనకున్న అంకెలు కూడా చెప్పాలి కదండీ. అట్లాంటిక్ మీద ఒక మామూలు చోటు తీసుకుంటే, అక్కడ ఏడాది మొత్తంలో తీవ్రమైన కుదుపులుండే సమయం 17.7 గంటల నుంచి 27.4 గంటలకి చేరింది. ఏడాదికి గంటలు 8,760. పెరిగిన మాట నిజమే, కానీ మీ అత్తయ్యగారు చూసింది ఆ రకం కాదు. తీవ్రం అంటే బెల్టు లేని మనిషి ఎగిరి పైకప్పుకి కొట్టుకునేది. సహస్రనామం రెండుసార్లు చదవగలిగారంటే అది మధ్యరకం దాటలేదు.

నేను విమానాలకి దారి వేసే డిస్పాచ్ పనిలో ఉన్నాను. చలికాలంలో కుదుపులు ఎక్కువన్నది కాదనను. ఉత్తరాన చలికీ దక్షిణాన వెచ్చదనానికీ తేడా అప్పుడే బాగా పెరుగుతుంది. ఆ తేడా వల్లే పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం పడమర నుంచి తూర్పుకి పరుగెడుతుంది. గోదావరి వరదలో చూడండి, నడి ఏటి కన్నా గట్టు పక్కన సుడులు ఎక్కువ. ఇదీ అంతే, అంచుల్లో గాలి వేగం చటుక్కున మారే చోటే విమానం కుదుపులకి లోనవుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. అదంతా ఈ గాలి తోపే.

మరి ఆ గాలికి ఎదురెళ్తే ఇంధనం కరిగిపోతుంది. అందుకని అమెరికా వచ్చే విమానాలు వీలైనంత వరకు దాన్ని తప్పించుకుని నడుస్తాయి. విమానాల రాకపోకల్ని నడిపించే కేంద్రాలు, కెనడాలో గాండర్, బ్రిటన్-ఐర్లండ్ వైపు షాన్‌విక్, రోజుకు రెండుసార్లు సముద్రం మీద దారులు కొత్తగా వేసేది ఆ రోజు గాలి చూసే. మీ అమ్మగారు వచ్చేది ఆ ఎదురు దిక్కునే. గాలి వాటంగా వెళ్ళే తిరుగు ప్రయాణం ఎప్పుడు పెట్టారు?

పెద్దకొడుకు_డాలస్:
జూలైలో అండీ.

విండ్‌షియర్:
అప్పటికి జెట్ స్ట్రీమ్ నెమ్మదిస్తుంది, ఉత్తరానికి జరుగుతుంది. మంచిదే.

వాన_చినుకు:
ఏప్రిల్ ఏదో ప్రశాంతమైన నెల అన్నట్టు మాట్లాడుతున్నారేంటి అందరూ? డాలస్‌లో ఏప్రిల్, మే అంటే ఉరుములు, వడగళ్ళు. నా విమానం దిగలేక గంటసేపు చుట్లు కొట్టి ఆస్టిన్‌లో దిగింది. అట్లాంటిక్ తప్పించి టెక్సాస్ మబ్బుల్లో పడేస్తారా ఆవిడని?

కోడలుపిల్ల:
ఉరుముల మబ్బు రాడార్‌లో కనిపిస్తుంది, పైలట్ పక్కకి తప్పుకుంటాడు. అట్లాంటిక్ మీద ఉన్నట్టుండి వచ్చేది మబ్బు లేని కుదుపు, దాన్ని రాడార్ కూడా పట్టలేదు. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్ళే విమానంలో ఒకాయన చనిపోలేదా?

విండ్‌షియర్:
రాడార్ నీటి చుక్కల్ని చూస్తుంది, ఉత్త గాలిని చూడదు. ఆ మాట ఒప్పుకుంటాను. కాకపోతే ముందు వెళ్ళిన విమానాలు "ఇక్కడ కుదుపుంది" అని చెబుతూనే ఉంటాయి. సింగపూర్ విమానం సంగతి జరిగింది మయన్మార్ మీద, అట్లాంటిక్ మీద కాదు. ఇంకో లెక్క చూడండి. అమెరికా విమానయాన శాఖ ప్రకారం 2009 నుంచి 2022 వరకు కుదుపుల్లో తీవ్రంగా గాయపడినవాళ్ళు 163 మంది, అందులో 129 మంది సిబ్బందే. వాళ్ళు నిలబడి పని చేస్తారు కాబట్టి. అందుకే కూర్చున్నంతసేపూ బెల్టు తియ్యొద్దంటాను.

నాలుగో_ట్రిప్పు:
బాబూ, నాకు డెబ్బై దాటాయి, బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నాలుగుసార్లు వచ్చి వెళ్ళాను, అందులో రెండు చలికాలాలే. మీరంతా నెల గురించి కొట్టుకుంటున్నారు గానీ, అమ్మకు చెప్పకపోవడమే నాకు నచ్చలేదు. మొదటి ట్రిప్పులో మా వాడూ ఇలాగే దాచాడు. విమానం ఊగగానే ఇంజన్ పాడైందనుకుని పక్కసీటు పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చాను. గతుకుల రోడ్డు మీద బస్సులాంటిదేనని ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే సరిపోయేది. నాకు వందల అడుగులు పడిపోయినట్టే అనిపించింది. నిజానికి మామూలు కుదుపుల్లో మారేది పదుల అడుగులేనట.

కోడలుపిల్ల:
అందరూ మీలా ఉండరు మేడం. మా అత్తయ్యకి ముందే చెప్పి ఉంటే బీపీ మాత్ర లండన్‌లోనే అయిపోయేది.

వాన_చినుకు:
బెల్టు తియ్యొద్దని మీరంటారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్యలో లేచి నడవమని డాక్టర్లంటారు. పెద్దావిడ ఎవరి మాట వినాలి?

విండ్‌షియర్:
బెల్టు సైన్ ఆరినప్పుడు లేచి నడిచి రావాలి, కూర్చోగానే బెల్టు మళ్ళీ పెట్టుకోవాలి. దుప్పటి కిందైతే లేపి అడుగుతారు, పైన పెట్టుకోమనండి. సీటు తోక వైపు కాకుండా రెక్కల దగ్గర తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ తెలుస్తుంది.

పెద్దకొడుకు_డాలస్:
తేదీ మార్చలేదు, సీటు మార్చాను. చివరి వరస నుంచి రెక్కల దగ్గరికి, నడవా పక్కన. రాత్రి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. గాలి నది, గాండర్, అన్నీ. ఓపిగ్గా విని ఒకటే అడిగింది: "ఊగేటప్పుడు లేవకూడదంటున్నావు, మరి బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్ళాలిరా?"

నాలుగో_ట్రిప్పు:
భోజనం బండి బయల్దేరకముందే ఒకసారి వెళ్ళి రమ్మను. తర్వాత పెద్ద లైను ఉంటుంది.