అప్‌డేట్: లేజర్‌కి కూలింగ్ గ్లాసెస్ చాలవని తేలింది

మొన్న అడిగాను కదా, 2 వాట్ల నీలం లేజర్ (తరంగదైర్ఘ్యం 450 నానోమీటర్లు) చేత్తో పట్టుకుని చెక్క మీద కాల్చేటప్పుడు నల్ల కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే సరిపోతుందా అని. సరిపోదని అందరూ గట్టిగా చెప్పారు. విన్నాను, లేజర్ పక్కన పెట్టేశాను. మంచిపనైంది.

ఇప్పుడు సరైన అద్దాలు వచ్చాయి. నారింజ రంగువి, 450 దగ్గర ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుగుని ఎంత ఆపుతాయో చెప్పే అంకె) 5 అని ఫ్రేమ్ మీదే ముద్రించి ఉంది. ఓడీ 5 అంటే లక్షలో ఒక వంతు వెలుగే లోపలికి వస్తుంది. 2 వాట్లు కాస్తా 0.02 మిల్లీవాట్ అవుతుంది. కూలింగ్ గ్లాసెస్ ఆపేది సుమారు పదింట తొమ్మిది వంతులు. అంటే ఇంకా 200 మిల్లీవాట్లు కంట్లోకి! రెప్ప వేయడానికి పట్టే పావు సెకను లోపే రెటీనా కాలిపోతుంది. పైగా రెటీనాకి నొప్పి తెలియదు, అందుకే నాకు భయం ఎక్కువైంది.

నేను అసలు ఊహించనిది ఇంకోటి: 500 మిల్లీవాట్లు దాటితే క్లాస్ 4, అంటే లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి. దానికి అద్దం, గడియారం లాంటి మెరిసే వస్తువే అక్కర్లేదు, దగ్గర్లో గోడ మీద పడ్డ చుక్కని చూసినా ప్రమాదమే. అందుకని పక్కన నిలబడే తమ్ముడికీ ఒక జత తెప్పించాను.

ఆకుపచ్చ లేజర్ గురించి అడిగినవాళ్లకి: ఈ అద్దాలు నీలం లేజర్ కోసం, దానికి నమ్మకండి. చవక ఆకుపచ్చ లేజర్లలో 808, 1064 నానోమీటర్ల కనిపించని పరారుణ కిరణాలు కూడా బయటికి రావచ్చు. అద్దాల మీద ఆ అంకెలు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి.