వైరస్‌కు ప్రాణం ఉందా, లేదా?

పత్రహరితం:
బ్యాక్టీరియా జీవి అంటే ఎవరూ కాదనరు. వైరస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మా పాఠంలో ‘సజీవులకూ నిర్జీవులకూ మధ్య వారధి’ అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయారు. అది రాస్తే మార్కులు పడతాయి, సరే. కానీ ఇంతకీ ప్రాణం ఉన్నట్టా, లేనట్టా? ఉందనేవాళ్లూ లేదనేవాళ్లూ కారణాలతో చెప్పండి, ప్లీజ్.

సూక్ష్మదర్శిని:
లేదు. ఇందులో తటపటాయించడానికి ఏమీ లేదని నా అభిప్రాయం.

బ్యాక్టీరియా ఒంటికణమే అయినా తన పనులన్నీ తనే చేసుకుంటుంది. ఆహారం తీసుకుంటుంది, శక్తినిచ్చే ఏటీపీ అణువులను తయారుచేసుకుంటుంది, తన రైబోజోమ్‌ల మీద తన ప్రొటీన్లు తనే కట్టుకుంటుంది. అన్నీ అనుకూలిస్తే ఈ.కోలై అనే బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకోసారి రెండవుతుంది. మరి వైరస్‌లో ఏముంది? కాస్త డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు, కొన్నింటికి ఆపైన ఒక కొవ్వు పొర. రైబోజోమ్ ఒక్కటి కూడా లేదు. కణం బయట అది తినదు, పెరగదు, శ్వాసించదు.

1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను పంచదార పలుకుల్లా స్ఫటికాలుగా మార్చి చూపించాడు. వాటిని మళ్లీ కరిగించి ఆకులకు రుద్దితే తెగులు మామూలుగానే వచ్చింది. ఆ పనికి 1946లో నోబెల్ వచ్చింది, అదీ రసాయనశాస్త్రంలో. 2002లో ఎకార్డ్ విమ్మర్ బృందం ఇంకా ముందుకెళ్లింది. పోలియో వైరస్ జన్యుక్రమం చూసుకుంటూ డీఎన్‌ఏ ముక్కలు అతికించి, దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, కణాలను చితక్కొట్టి తీసిన రసంలో వేస్తే వైరస్ తయారైంది. అక్కడ బతికున్న కణం ఒక్కటీ లేదు. అలా పుట్టుకొచ్చేదాన్ని జీవి అని ఎలా అంటాం?

జీవశాస్త్రం టీచర్:
సూక్ష్మదర్శిని గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. నా అభ్యంతరం వేరు. మీరు వైరస్ జీవితంలో ఒకే ఒక్క దశను పట్టుకుని తీర్పు చెప్పేస్తున్నారు. స్ఫటికంగా మారింది వైరస్ రేణువు. ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరడానికి అది వేసుకునే రూపం అది. ఆంత్రాక్స్ బ్యాక్టీరియా గడ్డుకాలంలో మారే నిద్రాణ రూపం, అంటే సిద్ధబీజం (స్పోర్) కూడా ఏళ్ల తరబడి తినకుండా, పెరగకుండా మట్టిలో పడి ఉంటుంది. దాన్ని చూసి ఆంత్రాక్స్ బ్యాక్టీరియా నిర్జీవి అని ఎవరూ అనరు కదా!

పత్రహరితం, నువ్వు ఒక్కసారి ఈ.కోలై లోపలికి తొంగిచూడు. టీ4 అనే బ్యాక్టీరియోఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్, పొట్టిగా ఫేజ్) దాని గోడకు అతుక్కుని లోపలికి డీఎన్‌ఏను పంపిస్తుంది. ప్రొటీన్ తొడుగు బయటే ఉండిపోతుంది. మొదటి 10 నిమిషాల లోపు ఆ కణాన్ని పగలగొట్టి వెతికితే సోకగల వైరస్ రేణువు ఒక్కటీ దొరకదు! ఉండాల్సిన చోట ఏమీ లేదు. కానీ లోపల పని జోరుగా సాగుతోంది. వైరస్ జన్యువులు తయారుచేయించిన ఎంజైములు ఈ.కోలై సొంత డీఎన్‌ఏను ముక్కలు చేసేస్తున్నాయి, ఆ ముక్కలతోనే కొత్త వైరస్ డీఎన్‌ఏ తయారవుతోంది. తర్వాత తలలు వేరుగా, తోకలు వేరుగా తయారై జతకూడతాయి. అరగంట తిరిగేసరికి కణం పగిలి 100కు పైగా ఫేజ్‌లు బయటపడతాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ 20వ నిమిషంలో ఉన్న కణం ఎవరిది? ఈ.కోలై జన్యువులు అప్పటికే నాశనమయ్యాయి. అది ఇక ఎప్పటికీ రెండు ఈ.కోలైలుగా చీలదు. అక్కడ నడుస్తున్నది వైరస్ జన్యువుల మాటే. పాట్రిక్ ఫోర్టెర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్నే ‘వైరోసెల్’ అన్నారు. వైరస్‌కు ప్రాణం ఉందా అని అడగాల్సింది ఈ దశను చూసి.

సూక్ష్మదర్శిని:
టీచర్ గారూ, బాగా చెప్పారు, కానీ ఒప్పుకోలేను. ఆ 20వ నిమిషంలో పనిచేస్తున్న రైబోజోమ్‌లు ఎవరివి? ఈ.కోలైవి. ఏటీపీ ఎవరిది? ఈ.కోలైదే. పెత్తనం చేతులు మారింది, అంతే. మీ సిద్ధబీజం పోలికా నిలవదు. మొలకెత్తడానికి కావాల్సిన యంత్రాంగమంతా దాని లోపలే ఉంటుంది, తడీ పోషకాలూ తగిలితే చాలు. వైరస్‌ను ఎంత మంచి పోషకద్రవంలో వేసినా ఏమీ జరగదు. పైగా, ఇతరుల యంత్రాంగంతో పెరిగే ప్రతిదీ జీవే అంటే ప్రియాన్ సంగతేంటి? అది వట్టి ప్రొటీన్. పక్కనున్న మామూలు ప్రొటీన్లను తనలా మడతపెట్టేస్తూ పెరుగుతుంది.

తెల్లకోటు:
మధ్యలో ఒక మాట. ఇతరుల కణంలోనే పెరగడం అనే లక్షణం మీద గీత గీయకండి. రికెట్సియా, క్లమీడియా రెండూ బ్యాక్టీరియాలే, రెండూ వేరే కణం లోపలే పెరుగుతాయి. క్లమీడియాను చాలాకాలం వైరస్ అనే అనుకున్నారు. ఇక సంతానం కనగలగడమే గీత అంటారా, పిల్లలు పుట్టని కంచరగాడిదను ఎటువైపు వేస్తారు?

జీవశాస్త్రం టీచర్:
ప్రియాన్‌లో జన్యువులు లేవు. వైరస్‌లో ఉన్నాయి, అవి ఉత్పరివర్తనం చెందుతాయి, ప్రకృతివరణానికి లోనవుతాయి. ఫ్లూ టీకాను ఏటా సవరించుకోవాల్సి రావడం అందువల్లే. నాకు పరిణామం ముఖ్యం, సూక్ష్మదర్శిని గారికి జీవక్రియ ముఖ్యం. మా తేడా అంతా అక్కడే ఉంది.

మిమివైరస్ కథ కూడా చెప్పాలి. 1992లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక కూలింగ్ టవర్ నీటిలోని అమీబాలో అది దొరికింది. మామూలు మైక్రోస్కోపులో కనిపించేంత పెద్దది కావడంతో, బ్యాక్టీరియాను గుర్తించడానికి వేసే గ్రామ్ రంగు కూడా పట్టడంతో బ్యాక్టీరియా అనుకున్నారు. అది వైరస్ అని 2003లో గానీ తేలలేదు. దాని జన్యుపదార్థంలో దాదాపు 12 లక్షల బేస్ జతలు. మైకోప్లాస్మా జెనిటాలియం అనే బ్యాక్టీరియాకు ఉన్నవి 5.8 లక్షలే. 2008లో ఆ కుటుంబంలోని ఒక వైరస్‌కే ‘స్పుత్నిక్’ అనే చిన్న వైరస్ సోకుతోందని, అది ఉన్నచోట పెద్ద వైరస్ సరిగ్గా తయారవక వంకరటింకరగా పుడుతోందని కనిపెట్టారు. జబ్బుపడే వైరస్‌ను చూశాక నిర్జీవి అనడానికి నాకు నోరు రాదు.

సూక్ష్మదర్శిని:
అంత పెద్ద మిమివైరస్‌లోనూ రైబోజోమ్ దొరకలేదు. నా గీత అక్కడే ఉంది.

పత్రహరితం:
ఒక సందేహం. నిర్జీవి అయితే దాన్ని ‘చంపడం’ కుదరదు కదా? మరి చేతులకు సబ్బు, జబ్బుకు మందు ఎలా పనిచేస్తున్నాయి?

తెల్లకోటు:
రెండూ పనిచేసేది వేర్వేరు చోట్ల. సబ్బు బయటి రేణువు మీద పనిచేస్తుంది. కరోనా, ఫ్లూ లాంటి వాటి కొవ్వు పొరను చెదరగొడుతుంది. ఆ పొర లేని నోరోవైరస్‌ను సబ్బు అంత తేలిగ్గా చెదరగొట్టలేదు, రుద్ది నీళ్లతో కడిగేయడమే అక్కడ ముఖ్యం. ఇక మందులు. పెన్సిలిన్ బ్యాక్టీరియా కణకవచం కట్టుకోకుండా అడ్డుపడుతుంది, టెట్రాసైక్లిన్ దాని రైబోజోమ్‌ను ఆపుతుంది. వైరస్‌లో ఆ రెండూ లేవు కాబట్టి మామూలు జలుబుకు యాంటీబయాటిక్ దండగ. హెర్పిస్‌కు ఇచ్చే ఎసైక్లోవిర్ సంగతి వేరు. హెర్పిస్ వైరస్ తయారుచేయించే ఒక ఎంజైము తగిలితేనే అది మందుగా మేల్కొంటుంది. ఆ ఎంజైము వైరస్ సోకిన కణంలోనే తయారవుతుంది. బయటి రేణువును ఈ మందు ఏమీ చేయలేదు.

జీవశాస్త్రం టీచర్:
చూశారా, మందు కూడా వెతుక్కుంటూ వెళ్లేది సోకిన కణాన్నే!

సూక్ష్మదర్శిని:
మందు ఆపేది ఆ కణంలో జరుగుతున్న డీఎన్‌ఏ తయారీని. ఆ పని జరుగుతోందని నేనూ అంటున్నాను. అది ఎవరి జీవక్రియ అన్నదగ్గరే మనకు కుదరడం లేదు.

పత్రహరితం:
ఇద్దరికీ థాంక్స్. నేను టీచర్ గారి వైపే మొగ్గుతున్నాను, ఆ 20వ నిమిషం వల్ల. కానీ పరీక్షలో ఏం రాయమంటారు?

సూక్ష్మదర్శిని:
కణం బయట జీవక్రియ లేదు, రైబోజోమ్‌లు లేవు, స్ఫటికంగా మారుతుంది. ఇవి ఒకవైపు రాయి.

జీవశాస్త్రం టీచర్:
జన్యువులున్నాయి, కణం లోపల సంఖ్య పెంచుకుంటుంది, పరిణామం చెందుతుంది. ఇవి ఇంకోవైపు. ‘వారధి’ అనే మాట ఆఖర్న రాయి. టీ4 బొమ్మ గీసి భాగాలు గుర్తించడం మర్చిపోకు, దానికి వేరే మార్కులుంటాయి.