1.6 టర్బో బిల్డ్: పిస్టన్ కంప్రెషన్ 8.5 పెట్టాలా, 9.5 పెట్టాలా?

ప్రశ్న: 1.6 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, పోర్ట్ ఇంజెక్షన్, స్టాక్ (కంపెనీ ఇచ్చిన) కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో ఆ అంకె, 10.5. బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) 0.8 బార్ అనుకుంటున్నా. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి తిరిగే బండి. టర్బో కోసం కంప్రెషన్ తగ్గించడానికి ఫోర్జ్‌డ్ (సుత్తిపోటుతో గట్టిపరిచిన) పిస్టన్లు ఎందుకు, హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య మందం హెడ్ గ్యాస్కెట్ వేస్తే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు 1: గ్యాస్కెట్‌తో వద్దండీ, స్క్విష్ (అంచుల్లోని మిశ్రమాన్ని మధ్యకు నెట్టే ఇరుకు ఖాళీ) పోతుంది. పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య 1 మి.మీ. దగ్గర ఉంటేనే మిశ్రమం సుడి తిరిగి త్వరగా మండుతుంది. 2 మి.మీ. అయితే కంప్రెషన్ తగ్గినా నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) తగ్గకపోవచ్చు. 9.0 పెట్టండి. లెక్క ఇదీ: సిలిండర్‌కు 400 సీసీ. పైన మిగిలే ఖాళీ 10.5కి 42.1 సీసీ, 9.0కి 50 సీసీ. ఆ 8 సీసీ తేడా పిస్టన్ డిష్‌లోనే (పిస్టన్ పైభాగంలోని గుంతలోనే) రావాలి. ఆర్డర్‌కు ముందు హెడ్ చాంబర్‌ను బ్యూరెట్‌తో (గీతలున్న గాజు గొట్టంతో ద్రవం పోసి) కొలవండి, కేటలాగ్ అంకె నమ్మొద్దు.

జవాబు 2: 8.5 అస్సలొద్దు భాయ్, బూస్ట్ ఎక్కేలోపు ట్రాఫిక్‌లో బండి ఈడుస్తుంది. 9.5 నడుస్తుంది, కానీ ఎప్పుడూ 100 ఆక్టేన్ పోస్తానంటేనే. మే ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) బాగా వేడెక్కిపోతుంది. ఇన్‌టేక్ గాలి వేడిని బట్టి స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేలా ఇంజిన్ కంప్యూటర్‌లో మ్యాప్ రాయించు. ఇ20కి (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) ఇంధనం ఎక్కువ పడుతుంది, ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 85 శాతం దాటనీయకు.

ప్రశ్న అడిగినవారు: సరే, 9.0. పిస్టన్ రింగులు స్టాక్ గ్యాప్‌తోనే (కొనల మధ్య ఖాళీ) వేయొచ్చా?

జవాబు 3: వద్దు. వేడికి కొనలు తాకి రింగ్ ల్యాండ్ (పిస్టన్‌పై రింగుల మధ్య ఉండే గట్టు) విరుగుతుంది, నింద మాత్రం ట్యూనర్ మీద పడుతుంది! 80 మి.మీ. బోర్‌కు టాప్ రింగ్ గ్యాప్ 0.40–0.45 మి.మీ. ఉండేలా ఫైల్ చేయించండి. 2618 అల్లాయ్ (వేడికి ఎక్కువ వ్యాకోచించే అల్యూమినియం మిశ్రలోహం) పిస్టన్ అయితే చల్లగా ఉన్నప్పుడు టకటక వస్తుంది, అది మామూలే.