రైస్ మిల్లు పక్కన లేఅవుట్: పది శాతం స్థలం ఎక్కడ వదలాలి?

ప్రశ్న (మండపేట పరిసరాల నుంచి):
మా ఊళ్లో బాయిల్డ్ రైస్ (ఉప్పుడు బియ్యం) మిల్లుకు తూర్పున ఐదెకరాల వరిచేను లేఅవుట్ కాబోతోంది. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క బోదె (చిన్న నీటి కాలువ). ఇప్పటికే చుట్టుపక్కల ఇళ్లలో ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లటి నలుసులుగా వాలుతుంది, తుడిస్తే చారలు పడతాయి. పంచాయతీకి వదలాల్సిన పది శాతం స్థలాన్ని యజమాని రోడ్డు వైపు పార్కుగా చూపిస్తున్నారు. దాన్ని మిల్లు వైపు చెట్ల పట్టీగా అడగవచ్చా? ఏ చెట్లు మేలు?

కడియం నర్సరీ రైతు:
తప్పకుండా అడగండి, ప్లాన్ మంజూరు కాకముందే. ఐదెకరాలు చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు దాదాపు 142 మీటర్లు. అందులో పది శాతమంటే మిల్లు పొడవునా 14 మీటర్ల వెడల్పు పట్టీ. మూడు వరుసలకు చక్కగా సరిపోతుంది. రోడ్డు పక్కన ముక్కగా వదిలితే ఎవరి ఇంటికీ మేలు లేదు.

వేప వద్దు. మన జిగట నేలలో వానాకాలం గొయ్యి తీస్తే కాస్త లోతుకే నీరు ఊరుతుంది, వేప వేరు కుళ్లుతుంది. కానుగ, నేరేడు, తెల్లమద్ది తడిని ఓర్చుకుంటాయి. రెండడుగుల మట్టి కట్ట పోసి దాని మీద నాటండి. మిల్లు వైపు నందివర్ధనం, నడుమ కానుగ, ఇళ్ల వైపు తెల్లమద్ది. గన్నేరు దుమ్మును తట్టుకుంటుంది గానీ పశువులు మేస్తే ప్రాణాంతకం.

గోడలా కిక్కిరిసి నాటకండి. గాలి పైకెగిరి వెనక దిగుతుంది, దుమ్మూ అక్కడే రాలుతుంది. ఆకుల్లోంచి కొంత గాలి దూరాలి. సార్వా (వానాకాలపు వరి) నూర్పిళ్లప్పుడు ఈశాన్య గాలి కాబట్టి పొగ మీకు దూరంగా పోతుంది. దాళ్వా (రెండో పంట) ధాన్యం మిల్లుకు చేరాక, జూన్‌లో పడమటి గాలి ఎత్తుకుంటుంది. అసలు దెబ్బ అప్పుడే.

చెట్లు ఎదగడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అందాకా బూడిదను పొగగొట్టం దగ్గరే పట్టాలి. పొగను సుడి తిప్పి బూడిదను వేరుచేసే సైక్లోన్ గానీ, గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్ ఫిల్టర్ గానీ పెట్టించే బాధ్యత మిల్లుదే. చెట్లున్నాయి కదా అని దాన్ని వదలకండి.

రామచంద్రపురం రైతు:
బోదె గట్టు మీద మాత్రం మొక్క వద్దు, పూడిక తీసే యంత్రానికి దారి ఉండాలి. ధాన్యం నానబెట్టిన నీరు ఎటు పోతోందో కూడా చూడండి. వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక బోదెలో ఇంకా పుల్లటి వాసనతో నీరు పారుతుంటే అది మిల్లుదే కావచ్చు. పరీక్షకు అప్పుడే పట్టండి. ఆ బోదె మంచినీటి చెరువులో కలుస్తోందా?

అడిగినవారు:
చెరువుకు పై వైపునే కలుస్తోంది! ఇంతవరకు ఎవరమూ ఆ వైపు ఆలోచించలేదు. చెట్ల పట్టీతో పాటు మిల్లు నీటికి వేరే తూము కూడా గ్రామసభ తీర్మానంలో రాయిస్తాం.